పదకొండో గంట ఎవరిది?

పోయిన నెల చర్చిలో ఆరాధన అయ్యాక, పోటీ పరీక్షలకు చదువుతున్న అమ్మాయి ఒకతె నా దగ్గరకు వచ్చి గైడు తెరిచి చూపించింది. "అంకుల్, ఎలెవెంత్ అవర్ అంటే చివరి నిమిషంల అని రాసిండ్రు. పదకొండే ఎందుకు? పన్నెండు అనొచ్చు కద?" అని అడిగింది.

మంచి ప్రశ్న. జవాబు మొదలుపెట్టాను గానీ, మధ్యలో నాకే తెలియకుండా గొంతు పెంచేశాను. పాపం, ఆ పిల్ల బెదిరి గైడు మూసుకుంది. తప్పు ఆమెది కాదు. ఆ మాట వింటే నాకు గోదావరిఖనిలో నేను పనిచేసిన బొగ్గుబాయి ఆఫీసు, అందులో నా బల్ల, ఆ బల్లకున్న కింది సొరుగు గుర్తుకొస్తాయి. ఆమెకు సగంలో ఆపేసిన సంగతి ఇక్కడ మొత్తం చెబుతాను. రేపు ఉద్యోగాల్లో చేరి బల్లకు అవతలివైపు కూర్చోబోయే పిల్లలు ముఖ్యంగా వినాలి.

ముందు అర్థం. గైడులో రాసింది తప్పు కాదు. గడువు దాటిపోతుందనగా, ఇంకాస్త ఉంటే చేజారుతుందనగా చేసే పనికి ఇంగ్లీషులో అలా అంటారు. 'ఎలెవెంత్ అవర్‌లో దరఖాస్తు పెట్టాడు', 'ఎలెవెంత్ అవర్‌లో ప్రోగ్రాం మార్చారు' అని మన ఆఫీసుల్లో రోజూ వినపడేదే. రాత్రి పదకొండు గంటలని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రభువు ఈ లోకంలో తిరిగిన కాలంలో పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా పగటిని పన్నెండు గంటలుగా లెక్కపెట్టేవారు. ఆ లెక్కన పదకొండో గంట అంటే మన సాయంత్రం ఐదు. ఇంకొక్క గంటలో చీకటి పడుతుంది.

ఆ మాట పుట్టింది బైబిల్లోని ద్రాక్షతోట ఉపమానంలో. తోట యజమాని తెల్లవారుజామున అడ్డా మీదికి పోయి కూలీలను పిలుచుకొస్తాడు. తర్వాత మళ్ళీ పోతాడు, మళ్ళీ పోతాడు. సాయంత్రం ఐదింటికి కూడా పోతాడు. అప్పటికీ కొందరు నిలబడే ఉంటారు. పొద్దంతా ఇక్కడెందుకు ఊరకే నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదయ్యా అంటారు. వాళ్ళను కూడా తోటలోకి తీసుకుపోతాడు.

ఆదివారం బడిలో ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ యజమాని దయ గురించి చెప్పేవాణ్ణి. ఆ నిలబడ్డవాళ్ళ గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. వాళ్ళు ఆలస్యంగా వచ్చినవాళ్ళు కారు. పొద్దున్నే వచ్చారు. పొద్దంతా ఎండలో ఉన్నారు. వాళ్ళవైపు చూసే కన్ను ఐదింటికి గానీ రాలేదు. ఇంగ్లీషు మాట్లాడే లోకం ఈ కథలోంచి గంటను తీసుకుని, యజమానిని వదిలేసి, ఆలస్యాన్ని మాత్రం కూలివాడి నెత్తిన పెట్టింది. నా కోపమంతా ఈ వాడకం మీద. దాన్ని నా కళ్ళముందే, నా చేతిరాత సాక్షిగా ఒక మనిషి నెత్తిన పెట్టారు.

నేను ఆ బాయి ఆఫీసు పర్సనెల్ సెక్షన్‌లో క్లర్కుని. ముప్పై ఏళ్ళ పైచిలుకు చేశాను. చర్చి సంఘానికి పెద్దగా ఉండేవాణ్ణి, ఆదివారం బడి నడిపేవాణ్ణి, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఎవరెవరు దేనికోసం ప్రార్థించమన్నారో విన్నపాల పుస్తకంలో రాసేవాణ్ణి. అందుకని సెక్షన్‌లో నా పక్కబల్ల భాయ్ నన్ను "పాస్టర్ సాబ్" అని ఆట పట్టించేవాడు. వచ్చిన కాగితాలకు ముద్ర కొట్టే పని ఆయనది, పుస్తకంలో ఎక్కించే పని నాది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. మా ఇద్దరి మీదా సూపరింటెండెంటు, ఆయన్నే అందరం పెద్దసారు అనేవాళ్ళం.

మా సెక్షన్‌లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను చేరేసరికే ఉంది. ప్రతి నెలాఖరుకు పైకి ఒక రిపోర్టు పోవాలి. పదిహేను రోజులు దాటి మా దగ్గర ఆగిన కాగితాలు ఎన్ని అని. అందులో సున్నా రాయడం పెద్దసారుకు ప్రతిష్ఠ. ముద్ర పడిన రోజునుంచే కదా లెక్క? అందుకని కాగితం వచ్చిన రోజు ముద్ర కొట్టేవాళ్ళం కాదు. అన్నీ సరిపోయి పైకి పంపే రోజున కొట్టేవాళ్ళం. అప్పటిదాకా అది కింది సొరుగులో ఉండేది. మేము దాన్ని 'నానబెట్టడం' అనేవాళ్ళం. "ఆ లీవు కాయితం ఏమైంది?" "నానుతుంది సార్." అందరం నవ్వుకునేవాళ్ళం. ఇది అబద్ధమని నాకు ఎన్నడూ తోచలేదు. ప్రతి ఆదివారం సత్యం గురించి బోధించే మనిషికి తోచలేదు.

ఒక ఎండాకాలం మా బాయిలో సపోర్టు పనిచేసే ఆయన ఒక దరఖాస్తు తెచ్చాడు. సపోర్టు అంటే పైకప్పు బొగ్గు కూలకుండా కింద దిమ్మెలు నిలిపి, బోల్టులు బిగించే పని. కమాన్‌పూర్ వైపు పల్లెటూరి మనిషి. వయసులో ఉన్నప్పుడు బొగ్గు టబ్బుల్లో నింపే బదిలీ ఫిల్లరుగా వచ్చాడు. బదిలీ అంటే మీకు తెలియకపోవచ్చు. పర్మినెంటు మనిషి ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ చోటు దొరుకుతుందని, ప్రతి షిఫ్టుకీ టైం ఆఫీసు ముందు వచ్చి నిలబడేవాళ్ళు. పిలిస్తే దిగాలి, పిలవకపోతే టిఫిను డబ్బా అలాగే పట్టుకుని ఇంటికి పోవాలి. అలా మూడేళ్ళు నిలబడ్డాడట.

ఇప్పుడు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాలుగు మెట్లెక్కితే ఆగి గోడ పట్టుకునేవాడు. మెడికల్ బోర్డు ఆయన్ని పనికి తగడని తేలిస్తే, ఆయన చోట బిడ్డకు ఉద్యోగం వస్తుంది. కానీ అలా ఉద్యోగం దిగిపోవడానికి కనీసం రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండాలి. ఆయన లెక్కన ఆ గడువు డిసెంబరు ఆఖరుకు తీరుతుంది. ఒక్కతే కూతురు. డిగ్రీ చదివి, ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర డంపర్ల ట్రిప్పులు రాసే పని చేస్తోంది. ఎండలో, దుమ్ములో, రేకుల గుడిసె కింద. ఏ రోజు వద్దంటారో ఆ రోజుకు ఆ పని ఉండదు.

"సారూ, జర ఫికర్ పెట్టుండ్రి. బిడ్డ బతుకు గీ కాయితంల ఉంది" అన్నాడు, రెండు చేతులతో ఇస్తూ.

"ఇంకా ఏడు నెలలున్నయ్ అన్నా. తొందరేం లేదు" అన్నాను. కాగితం సొరుగులో పెట్టాను.

బిడ్డ పుట్టిన తేదీ పత్రం లేదన్నాను. తెచ్చాడు. తర్వాత మండలాఫీసు నుంచి కుటుంబ సభ్యుల పత్రం కావాలన్నాను. దానికి రెండు నెలలు తిరిగాడు. ఆ తర్వాత, ఫొటో పాతదని పెద్దసారు వెనక్కి ఇచ్చాడు. అన్నీ ఒకేసారి ఒక చీటీ మీద రాసి ఇవ్వడానికి నాకు ఐదు నిమిషాలు పట్టేది. ఇవ్వలేదు. వచ్చిన ప్రతిసారీ కిటికీ అవతల నిలబడి, "ఎంతవరకొచ్చింది సారూ?" అనేవాడు. "నడుస్తుంది" అనేవాణ్ణి. నడవడం లేదు. నానుతోంది.

ఒకసారి ఆయన పోయాక భాయ్ అన్నాడు: "పాస్టర్ సాబ్, ఆయన దగ్గు ఇన్నరా? గిది నానబెట్టే కాయితం కాదు. ముద్ర కొట్టమంటె ఇప్పుడే కొడ్త."

"పెద్దసారు ఊకుంటడా?"

"ఊకోడు" అని ఒప్పుకుని, ముద్ర మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

డిసెంబరు రెండో వారం దాటాక అన్నీ సరిపోయాయి. ముద్ర పడింది. పుస్తకంలో ఆ రోజు తేదీ వేసి, కింద ఎవరు తెచ్చారో, దేని గురించో నేనే రాశాను. కాగితం పర్సనెల్ ఆఫీసరు గదికి పోయింది. ఆయన కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు, కాగితం మీద ఏముంటే అదే నమ్మేవాడు. ఆ నెల బోర్డు అప్పటికే కూర్చుని లేచింది. వచ్చేది జనవరిలో.

నన్ను పిలిచాడు. సపోర్టు పని ఆయన కూడా లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఆఫీసరు కాగితం తిప్పి ముద్ర చూసి, తల ఊపాడు. "టిపికల్. ఎలెవెంత్ అవర్‌లో అప్లై చేస్తారు, తర్వాత మన మీద పడతారు. ఏడాదంతా ఏం చేస్తున్నట్టు?" అని ఇంగ్లీషూ తెలుగూ కలిపి అంటూనే, ఫైలు మీద అదే రాశాడు: దరఖాస్తు ఎలెవెంత్ అవర్‌లో అందింది, పరిశీలించడం వీలుపడదు.

బయటికి వచ్చాక ఆయన అడిగాడు: "ఏమన్నడు సారూ? జర తెలుగుల చెప్పుండ్రి."

"ఆలస్యం అయిందంటున్నరు."

"ఆలస్యమా?" అని ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "నేను ఎండకాలంల ఇచ్చిన గద. మీ చేతికే ఇచ్చిన గద."

నా ముఖంలోకి చూశాడు. అందులో కోపం లేదు. నేనేదో చెబుతానని, చెబితే తనకు అర్థమవుతుందని చూస్తున్నాడు. నేను ఫైలు సర్దుకుంటున్నట్టు నటించాను. ఆయన కాసేపు నిలబడి, "మంచిది సారూ" అని రెండో షిఫ్టుకు బాయి దిగడానికి పోయాడు.

ఇక్కడ ఆగి మీకు ఒక మాట చెప్పాలి. మీరు నన్ను తిట్టుకుంటూ ఉంటే సరిగ్గానే చదువుతున్నారు.

ఆ ఆదివారం క్రిస్మస్‌కు ముందు ఆదివారం. మందిరం ముందు కాగితపు నక్షత్రం కట్టారు. ఆరాధన చివర్లో ఎవరి విన్నపాలు వాళ్ళు లేచి చెబుతున్నారు. ఆ సపోర్టు పని ఆయన భార్య లేచింది. ఆయన ఎప్పుడూ మందిరానికి రాడు. ఆమె శుక్రవారాలు, ఆదివారాలు తప్పకుండా వస్తుంది. కొంగు భుజం మీదుగా లాక్కుని నావైపు తిరిగింది.

"అన్నా, మా ఆయన కాయితం తిప్పి పంపిండ్రట. ఆలస్యంగ ఇచ్చిండని. నేను ఎండకాలంలనే ఆ కాయితం గురించి ప్రార్థనకు రాయించిన. జర పుస్తకం చూడుండ్రి. అది రాసిండ్రా, మరిచిపోయిండ్రా?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె ఆఫీసును అనుమానించడం లేదు. తన విన్నపం పుస్తకంలో ఎక్కలేదేమో, అందుకే దేవుని దగ్గరికి చేరలేదేమో అని అడుగుతోంది. సంఘమంతా నావైపు చూస్తోంది. పుస్తకం తెరిచి వెనక్కి తిప్పాను. ఉంది. వేసవిలో ఒక శుక్రవారం, తేదీతో సహా నా చేతిరాతలో: 'భర్త నిన్న ఆఫీసులో మెడికల్ బోర్డు కాగితం ఇచ్చారు. కూతురి ఉద్యోగం కొరకు.'

"రాసిన చెల్లె. ఉంది" అన్నాను.

"స్తోత్రం" అని ఆమె కూర్చుంది. నిశ్చింతగా.

దేవుని పుస్తకంలో ఆ కాగితం అందిన మర్నాడే ఎక్కించాను. ఆఫీసు పుస్తకంలో ఏడు నెలల తర్వాత ఎక్కించాను. రెండూ ఒకే చేయి. ఆ రోజు ఆదివారం బడిలో ద్రాక్షతోట పాఠం ఉంది. చెప్పలేకపోయాను. పిల్లలతో పాటలు పాడించి పంపేశాను.

సోమవారం విన్నపాల పుస్తకం సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పోయాను. ఒక తెల్లకాగితం తీసి రాశాను: ఈ దరఖాస్తు ఫలానా తేదీన నా చేతికి అందింది, ముద్ర లేకుండా నా సొరుగులో ఉంచాను, ఆలస్యం దరఖాస్తుదారుడిది కాదు, నాది. సంతకం పెట్టి పెద్దసారుకు ఇచ్చాను.

ఆయన చదివి లేచి సెక్షన్ తలుపు వేశాడు. "పిచ్చి లేసిందా? నీ మీద నువ్వే రాసుకుంటవా? దిగిపోయే ముంగట గిదేం పని?"

"నిజమే రాసిన సార్."

"ఒక్క కాయితం నిజం చెప్తె మిగిలిన సొరుగులన్ని తెరుస్తరు. నన్ను, నిన్ను, గా భాయ్‌ని అందర్ని నిలబెడ్తరు. ఇంట్ల పిల్లలు లేరా నీకు?"

పక్కబల్ల నుంచి భాయ్ లేచి తన కింది సొరుగు మొత్తం ఊడదీసి బల్లమీద పెట్టాడు. "నా దాంట్ల పద్నాలుగున్నయ్ సార్. పాస్టర్ సాబ్ ఒక్కడే పోవుడెందుకు? తోడు నేను సుత వస్త." ముద్ర తీశాడు. ఒక్కో కాగితం మీద వెనక తాను పెన్సిలుతో వేసుకున్న అసలు తేదీ చూసుకుంటూ, ముద్ర కొట్టి, పక్కన ఆ తేదీ ఇంకుతో రాసి చిన్న సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు కారిడార్ చివరిదాకా వినపడింది. టీ తెచ్చే మనిషి తలుపు దగ్గరే నిలబడి, "ఏంది భాయ్, ఇయ్యాల గోడకు మొలలు కొడ్తున్నరా?" అన్నాడు. "కాదు మియా, తీస్తున్న" అన్నాడు భాయ్, తలెత్తకుండా. పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు. ఆపమని మాత్రం అనలేదు. అది ఆయన ఖాతాలో రాయాలి.

ఆఫీసరు నా కాగితం చదివాడు. విన్నపాల పుస్తకం తిరగేశాడు. "ఇది ప్రార్థన పుస్తకం. ఆఫీసు రికార్డు కాదు."

"రెండిట్లోనూ నా చేతిరాతే సార్. ఒకటి దేవుని ముందు రాసింది, ఇంకోటి నెలాఖరు రిపోర్టు కోసం రాసింది. ఏది నమ్మాలో మీరే చెప్పండి."

నాకు ఆవేశం వచ్చింది. "మీరు ఎలెవెంత్ అవర్ అని రాశారు సార్. ఆ మాట మా గ్రంథంలోది. ఆ గంటకు అక్కడున్నవాళ్ళు పొద్దుటినుంచి నిలబడ్డవాళ్ళు. ఈయన టైం ఆఫీసు ముందు మూడేళ్ళు నిలబడి ఈ కంపెనీలోకి వచ్చిండు, ఈ కిటికీ ముందు ఏడు నెలలు నిలబడ్డడు. ఆలస్యంగ వచ్చింది మనం. ఐదింటికి ఆ యజమాని ఇల్లు విడిచి అడ్డా మీదికి పోయిండు. ఐదింటికి మనం సొరుగులకు తాళాలేసుకుని ఇళ్ళకు పోతం."

"అది ఒక ఇడియం అండీ. అందరూ వాడతారు" అన్నాడు ఆఫీసరు మెల్లగా. ఆ తర్వాత నా కాగితాన్ని చూస్తూ, "దీంతో మీ మీద చర్య వస్తుంది. తెలుసు కదా?" అన్నాడు. తెలుసన్నాను. ఆయన దాన్ని ఆపలేదు, దాచలేదు. అదే రోజు, దరఖాస్తు అందిన తేదీని వేసవి తేదీగా తీసుకోవాలని రాసి పైఆఫీసుకు పంపాడు.

గడువు దాటింది. కొత్త సంవత్సరం మొదటి వారంలో జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. సెక్షన్ ఉద్యోగి ఒప్పుకోలు కూడా ఎలెవెంత్ అవర్‌లోనే అందింది గనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేము. సదరు ఉద్యోగిపై చర్య మొదలుపెట్టవలసింది.

పిల్లలూ, ఆ ఒక్కసారి ఆ మాట సరైన మనిషికి తగిలింది. ఏడు నెలలు నోరు మూసుకుని ఆఖరి వారంలో తెరిచినవాణ్ణి నేను. నన్ను ఎంతైనా అనవచ్చు. కానీ నా ఆలస్యానికి శిక్ష ఆయన బిడ్డకు వేశారు. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ప్రార్థనలో నాకు మాట తడబడుతుంది. నియమం అడ్డొచ్చిందని అంటారు. సరైన రోజున ముద్ర కొట్టి ఉంటే ఆ నియమం అడ్డొచ్చేదా? తప్పుడు రోజున కొట్టి మోసం చేయడం తెలిసినవాళ్ళకు, నిజమైన తేదీని నిజమని ఒప్పుకోవడం ఎందుకంత కష్టమైంది?

ఆయన మిగిలిన రెండేళ్ళూ ఆ ఊపిరితోనే డ్యూటీ చేసి దిగిపోయాడు. ఇప్పటికీ ఉన్నాడు. మాట మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని, మిగతా మాట పూర్తి చేస్తాడు. బిడ్డ ఇంకా డంపర్ల ట్రిప్పులే రాస్తోంది, కాంట్రాక్టరు మాత్రం మారాడు. నాకూ భాయ్‌కీ ఛార్జిషీట్లు వచ్చాయి. దిగిపోయేదాకా మేమిద్దరం కాగితం కిటికీలో అందిన నిమిషానే, ఇచ్చినవాళ్ళ కళ్ళముందే ముద్ర కొట్టేవాళ్ళం. నెలాఖరు రిపోర్టులో సున్నా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

మీరు ఇంగ్లీషు మాట ఏదైనా నేర్చుకోండి. ఎవరినైనా ఆలస్యంగా వచ్చారని అనే ముందు, వాళ్ళు ఎప్పటినుంచి నిలబడ్డారో మాత్రం అడగండి.

ఛార్జిషీటు వచ్చిన వారం శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పోవాలంటే నాకు మనసొప్పలేదు. ఆ సపోర్టు పని ఆయన భార్య ముఖం ఎలా చూడాలి? అప్పటికి జరిగిందంతా ఆమెకు తెలుసు. నేనే ఇంటికి పోయి ఇద్దరికీ చెప్పాను. ఆయన నేలవైపు చూస్తూ అంతా విని, చివరికి "టీ తాగిపో సారూ" అన్నాడు. ఆమె లోపలికి పోయింది.

శుక్రవారం వెనక వరుసలో కూర్చుని విన్నపాలు రాస్తున్నాను. ఆమె లేచింది. పెన్ను ఆగిపోయింది. కూతురి ఉద్యోగం గురించి మళ్ళీ రాయమంటుందేమో, లేదా నన్ను నలుగురిలో అడగవలసింది అడుగుతుందేమో అనుకున్నాను. రెండింటికీ సిద్ధపడ్డాను.

"అన్నా, మీ మీద ఏందో కాయితం వచ్చిందట గద" అంది. "గది రాయుండ్రి పుస్తకంల. మీ నౌకరి కోసం అందరం ప్రార్థన చేద్దాం."

నా పేరు నేనే రాసుకున్నాను. ఆమె కూర్చోబోయి, మళ్ళీ లేచి నిలబడింది.

"తారీఖు సుత ఎయ్యుండ్రి. ఇయ్యాల్టిదే ఎయ్యుండ్రి."